ఎండ బానే ఉంది.. మరి కరెంటేది?

గుడివాడలో మా మావయ్య వాళ్ల డాబా మీద ఆరు సోలార్ ప్యానెళ్లున్నాయి. మే నెలలో పెట్టించాడు. డిసెంబరులో ఒకరోజు ఫోన్ చేసి, "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేరు కదా, ఈ యాప్ ఏదో తప్పు చూపిస్తోంది, వచ్చినప్పుడు ఓసారి చూడు" అన్నాడు. మన ఇళ్లల్లో సాఫ్ట్‌వేరు అంటే టీవీ రిమోటు నుంచి ఆధార్ లింకు దాకా అన్నీ మన ఖాతాలోనే కదా!

వెళ్లి చూశా. యాప్ తప్పేం చూపించట్లేదు. వేసవిలో రోజుకు 12 యూనిట్లు ఇచ్చిన ప్యానెళ్లు ఇప్పుడు 7 దగ్గర ఆగిపోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ వస్తుంది. మిగతాది బ్యాంకు లోను. కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో ఈఎంఐ కట్టేయొచ్చన్నది మావయ్య లెక్క. 7 యూనిట్లతో ఆ లెక్క తేలదు.

డీలరుకు ఫోన్ చేస్తే, "చలికాలం కదండీ, ఎండ తగ్గింది" అన్నాడట. మావయ్యకు కోపం నషాళానికి అంటింది. "ఉతికిన బట్టలు రెండు గంటల్లో ఆరిపోతున్నాయి. ఎండ తగ్గిందంటాడేంట్రా?"

ఒకరు తగ్గిందంటారు, ఒకరు లేదంటారు. ఇద్దరి దగ్గరా అంకె మాత్రం లేదు. బియ్యానికి తూకం ఉంది, పాలకు లీటరుంది. ఎండను ఎవరు కొలిచారు? ఆ వారం సెలవుల్లో నేను పెట్టుకున్న పని అదే.

కన్ను వేరు, ప్యానెల్ వేరు

మొదట అందరూ చేసేదే చేశా. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని డాబా ఎక్కా. నా ఫోన్ 60 వేలు దాటింది. అదే చోట మావయ్య ఫోన్ 30 వేల చిల్లర దగ్గర కదలకుండా నిలబడిపోయింది. చెయ్యి కాస్త వంచితే రెండూ ఎటెటో పోయాయి. ఫోన్ పైభాగంలో అద్దం కింద చిన్న వెలుగు సెన్సర్ ఉంటుంది. స్క్రీన్ వెలుతురు పెంచడానికీ తగ్గించడానికీ పెట్టింది అది. దాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండకు సాక్ష్యం చెప్పమనడం మన తప్పు.

పైగా లక్స్ అనేది మనిషి కంటి కొలత. కంటికి పచ్చటి వెలుగు బాగా ఆనుతుంది, ఎరుపూ ఊదా తక్కువ, ఇన్‌ఫ్రారెడ్ అసలే ఆనదు. ఆ లెక్కలో కట్టిందే లక్స్. ప్యానెల్‌కు కన్ను లేదు. అది సిలికాన్. మనకు కనిపించే రంగులతోపాటు దాదాపు 1100 నానోమీటర్ల దాకా ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా తినేస్తుంది. కాబట్టి ప్యానెల్ తగాదా తేలాలంటే లక్స్ పనికిరాదు, వాట్లు కావాలి. ఒక చదరపు మీటరు మీద ఎన్ని వాట్ల ఎండ పడుతోంది? దీన్నే ఇర్రేడియన్స్ అంటారు.

భూమి వాతావరణం బయట ఇది దాదాపు 1361 వాట్లు. గాలి, ఆవిరి, దుమ్ము దాటుకుని కిందికొచ్చేసరికి, ఆకాశం తేటగా ఉన్న మధ్యాహ్నం సుమారు 1000. ప్యానెల్ వెనక స్టిక్కరు మీద 540 వాట్లు అని రాసి ఉంటుంది చూడండి, అది సరిగ్గా ఆ 1000 వాట్ల ఎండలో, ప్యానెల్ వేడి 25 డిగ్రీలుండగా వచ్చే అంకె. మన మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పోతుంది. అంటే మండుటెండలో ప్యానెల్ నీరసపడుతుంది, చలికాలం దానికి హాయి. డీలరు మాట మీద నాకు మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది.

వంద రూపాయల సాక్షి

ఇర్రేడియన్స్ కొలిచే అసలు పరికరం పైరానోమీటరు. గాజు బుడగ కింద నల్లటి బిళ్ల, ఎండకు అది ఎంత వేడెక్కిందో చూసి చెబుతుంది. మంచిది కొనాలంటే లక్షల్లో మాట. మనకు అంత అక్కర్లేదు. ప్యానెల్ సిలికానే కాబట్టి సిలికాన్ ఫోటోడయోడే సరైన జోడీ. నేను వాడింది బీపీడబ్ల్యూ34. చింతగింజ కన్నా చిన్నది, వంద రూపాయలకు అటూ ఇటూ.

అది చేసే పని చాలా సాదా. వెలుగు కణం సిలికాన్‌కు తగిలితే ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. ఎండ రెట్టింపైతే కరెంటు రెట్టింపు. మసక వెలుతురు నుంచి మిట్టమధ్యాహ్నం దాకా ఈ లెక్క స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. కానీ కొత్తవాళ్లందరూ ఒక గోతిలో పడతారు. డయోడ్ రెండు కాళ్లకూ మల్టీమీటరు పెట్టి వోల్టులు చూస్తారు. పొద్దున ఎనిమిదింటికీ 0.4, మధ్యాహ్నమూ ఇంచుమించు అంతే! ఎండ ఎన్నో రెట్లు పెరిగినా వోల్టేజీ అంగుళం కదలదు. ఎండతోపాటు పెరిగేది కరెంటు, వోల్టేజీ కాదు.

ఆ కరెంటును కొలవాలంటే ఆప్-ఆంప్ ఒకటి కావాలి. మన పంట బోదెతో పోల్చి చెబుతా. బోదె చివర గట్టు వేస్తే నీళ్లు నిలబడిపోతాయి, మట్టం పెరుగుతుంది, వచ్చే నీళ్లు ఆగిపోతాయి. అప్పుడు ఎంత పారుతోందో తెలియదు. అదే చివర నిలబడి, వచ్చిన నీళ్లను వచ్చినట్టే తోడేస్తూ, ఎన్ని బకెట్లు తోడామో రాసుకుంటే పారకం లెక్క తేలిపోతుంది. ఆప్-ఆంప్ చేసేది అదే. డయోడ్ దగ్గర వోల్టేజీ నిలబడనివ్వకుండా, వచ్చిన కరెంటునంతా ఒక రెసిస్టర్ గుండా లాగేస్తుంది. ఆ రెసిస్టర్ మీద కనిపించే వోల్టులే మన బకెట్ల లెక్క.

ఇప్పుడు నా తెలివితేటలు వినండి. ట్యుటోరియల్‌లో ఉన్నట్టు 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టా. అది గదిలో మసక వెలుతురు కొలిచేవాళ్ల లెక్క. ఎండలో ఈ డయోడ్ రెండు మిల్లీయాంపులకు పైనే ఇస్తుంది. గుణిస్తే 2000 వోల్టులు! పాపం 3.3 వోల్టుల మీద నడిచే సర్క్యూట్, తెల్లారగానే చేతులెత్తేసింది. తర్వాత డయోడ్ మీద తెల్లటి టెఫ్లాన్ టేపు నాలుగు మడతలు వేశా. ప్లంబర్లు నల్లాకు చుట్టేదే. దానివల్ల రెండు లాభాలు. కరెంటు 0.4 మిల్లీయాంపుకు దిగింది, ఏటవాలుగా వచ్చే ఎండను కూడా డయోడ్ సరిగ్గా లెక్కలోకి తీసుకుంటుంది. రెసిస్టర్ 6.8 కిలో ఓమ్‌లకు మార్చా.

గ్రాఫు వచ్చింది. అందంగా, కొండలా పైకి లేచి.. పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా బల్లలా చదునుగా! సూర్యుడు ఐదు గంటలపాటు ఒకే చోట నిలబడ్డాడన్నమాట. నేను కోడ్ రాసేవాణ్ని కాబట్టి తప్పు కోడ్‌లోనే ఉంటుందని మూడు గంటలు వెతికా. లేదు. నేను వాడిన ఎల్ఎం358 చిప్, తనకిచ్చిన వోల్టేజీ కన్నా ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. 3.3 ఇస్తే 1.8 దాటలేదు. డేటాషీట్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది, చదవంది నేనే. పై అంచు దాకా వెళ్లగలిగే ఎంసీపీ6002 పెట్టాక కొండకు శిఖరం వచ్చింది. ఈఎస్‌పీ32 బోర్డు సొంతంగా వోల్టులు చదవడంలో పైనా కిందా కాస్త వంకర పోతుంది, అందుకని మధ్యలో ఏడీఎస్1115 చిప్ కూడా చేర్చా. పదహారు బిట్ల కొలత, దాని మాట నమ్మొచ్చు.

బందరు ప్రయాణం

వోల్టులు వచ్చాయి సరే, అవి ఎన్ని వాట్లు? తూకం రాయి లేకుండా త్రాసు ఏం చేస్తుంది? బందరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పైరానోమీటరు ఉందని ఫ్రెండ్ చెబితే బయల్దేరా. ఖాళీ చేతులతో వెళ్లడమెలా? ఊరెళ్లేటప్పుడు ఎవరైనా బందరు లడ్డూ పట్టుకెళ్తారు, బందరువాళ్లకే ఏం పట్టుకెళ్లాలి? చివరికి కమలాలు కొన్నా.

అసలు వెలుగుతో ఆడుకోవడం బందరుకు కొత్త కాదు. ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1926లో మొదలైంది ఇక్కడే. అద్దాలు, సైన్సు పరికరాలు చేసిన ఆ సంస్థను 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడు సైన్యం చీకట్లో చూసేందుకు వాడే నైట్ విజన్ పరికరాలు చేస్తున్నారు. పామర్రు దగ్గర నిమ్మలూరులో దీనికోసం కొత్త ఫ్యాక్టరీ కూడా వచ్చింది. వాళ్లది నా పనికి సరిగ్గా అవతలి కొస. నాకు ఎండ ఎక్కువైపోయి చిప్ మునిగిపోతోంది. వాళ్లు నక్షత్రాల వెలుగులో దొరికిన ఒక్కో ఎలక్ట్రాన్‌ను వేల రెట్లు పెంచి తెర మీద బొమ్మ చేస్తారు. మొదటి మెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే: వెలుగు తగిలితే ఎలక్ట్రాన్ కదలాలి.

ల్యాబ్ మేడ మీద రెండు పరికరాలూ పక్కపక్కన పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. వాళ్ల మీటరు 640 వాట్లు అన్నప్పుడు నా డబ్బా 1920 మిల్లీవోల్టులు చూపించింది. అంటే వాటుకు దాదాపు 3 మిల్లీవోల్టులు. మధ్యాహ్నం రెండూ కలిసే నడిచాయి. సూర్యుడు కిందికి వాలాక నాది ఒక 8 శాతం దాకా తేడా కొట్టింది. టెఫ్లాన్ మడతల మహిమ. ఇంకా సరిచేయొచ్చు, కానీ నాకు సాయంత్రం గుడివాడ బస్సుంది.

డబ్బాలు రెండు, ఎండ రెండు రకాలు

అదే సర్క్యూట్‌తో రెండో డబ్బా చేశా. ఒకటి మావయ్య వాళ్ల వాటర్ ట్యాంకు పైన, అడ్డమేమీ లేని చోట. రెండోది ప్యానెళ్ల వరుసలో కింది అంచున. రెండూ ప్యానెల్ ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా పెట్టా. ఇది ముఖ్యం. చదునుగా పెట్టిన సెన్సరూ, దక్షిణానికి వాల్చిన ప్యానెలూ డిసెంబరులో ఒకే ఎండను చూడవు.

మూడు రోజులు నడిచాయి. ట్యాంకు మీది డబ్బా లెక్క ప్రకారం రోజంతా కలిపి చదరపు మీటరుకు దాదాపు 5 కిలోవాట్ అవర్లు, అంటే 5 యూనిట్ల ఎండ పడింది. 3.24 కిలోవాట్ల ప్యానెళ్లకు ఆ ఎండ చాలు. వేడికి, దుమ్ముకు, వైర్లకు, ఇన్వర్టర్‌కు పోయేది నాలుగో వంతు తీసేసినా 12 యూనిట్లు రావాలి. వస్తున్నది 7. ఎండ తగ్గిందన్న మాట అక్కడితో అయిపోయింది.

ప్యానెల్ అంచున ఉన్న డబ్బా అసలు కథ చెప్పింది. పైన 700 వాట్లు ఉన్న సమయంలో ఇది ఉన్నట్టుండి 120కి పడిపోయి, గంటన్నర తర్వాత మళ్లీ లేచింది. డబ్బాను వరుసలో పడమటి ప్యానెల్‌కు మారిస్తే ఆ గొయ్యి పొద్దున్నే వచ్చింది. తూర్పు చివరకు మారిస్తే మధ్యాహ్నం. నీడ! దక్షిణం పక్కింటి డాబా మీది మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు. ఆ నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరుస మీదుగా పడమటి నుంచి తూర్పుకు నడుచుకుంటూ వెళ్తోంది.

"నీడ పడుతోందని నాకూ తెలుసురా. ఏదో అంచున కాస్త. ఆ కాస్తకే ఇంత పోతుందా?" అన్నాడు మావయ్య. పోతుంది. ఆరు ప్యానెళ్లూ ఒకే వరుస తీగకు కట్టినవి. ఆరింటిలోనూ ఒకే కరెంటు పారాలి. ఒకచోట బోదె ఇరుకైతే వెనక ఎన్ని నీళ్లున్నా లాభం లేదు కదా. నీడ పడ్డ భాగాన్ని తప్పించి పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు ప్యానెళ్లలో ఉంటాయి. కానీ అవి పనిచేశాయంటే ఆ భాగం లెక్కలోంచి పోయినట్టే. జానెడు నీడకు ప్యానెల్‌లో పెద్ద ముక్కే పోవచ్చు. ఏ సమయంలో చూసినా ఆరులో ఒకటో రెండో ప్యానెళ్లు ఇలా ఒట్టిపోతున్నాయి. మిగతాది దుమ్ము. కడిగిన మర్నాడు అర యూనిట్ పెరిగింది.

మరి పెట్టేటప్పుడు చూసుకోలేదా? చూశారు. డీలరు మనుషులు టేపులు పట్టుకుని మధ్యాహ్నం వచ్చి మరీ చూశారట. ఎప్పుడు? మే మొదటి వారంలో. గుడివాడ ఉన్నది సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి పది రోజుల్లోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. కర్ర నిలబెడితే నీడ దాని కాళ్ల కిందే ఉంటుంది. అంటే ఏడాది మొత్తంలో నీడ దొరకని రోజులు ఏరుకుని మరీ నీడ వెతకడానికి వచ్చారు! డిసెంబరులో అదే సూర్యుడు మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దాటడు. పది అడుగుల గోడ ఎనిమిది అడుగులకు పైగా నీడ పరుస్తుంది. పొద్దునా సాయంత్రం ఇంకా ఎక్కువ.

డీలరును పిలిచాం. గ్రాఫు చూసి, "ఇంట్లో చేసిన డబ్బా మాట నేనెలా నమ్మనండీ?" అన్నాడు. మావయ్య లేవబోయాడు కానీ, అతనడిగింది న్యాయమైన ప్రశ్నే. నా కొలతలో 8 శాతం తేడా ఉండొచ్చు. ప్యానెల్ 5 శాతం తక్కువ ఇస్తోందని దావా వేస్తే ఈ డబ్బా సాక్ష్యం చెల్లదు. ఇక్కడ పోతున్నది మూడో వంతుకు పైనే. అయినా అతని ముందే రెండు డబ్బాలనూ అటుదిటు మార్చి పెట్టా. ట్యాంకు మీదికెక్కిన డబ్బా 700 చూపించింది, కిందికి దిగింది 120. తేడా డబ్బాలో ఉంటే డబ్బాతోపాటు మారాలి కదా. అది చోటుతోనే ఉండిపోయింది. అతను ఇంకేం మాట్లాడలేదు, కాసేపు ఆ మెట్ల గది వంకే చూస్తూ నిలబడ్డాడు.

స్టాండును తొమ్మిది అడుగులు ఉత్తరానికి జరిపారు. కూలీ డీలరుది, పైపులూ కేబులూ మావయ్యవి. జనవరిలో ఆకాశం తేటగా ఉన్న మొదటి రోజు సాయంత్రం మావయ్య నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది: 11.4 యూనిట్లు. కింద ఏమీ రాయలేదు. ఆయన ఎమోజీ కూడా పెట్టే రకం కాదు.

దివిసీమ చెరువులో లెక్క మారింది

ఈ సంగతి విని నాగాయలంక వైపు రొయ్యల చెరువులున్న నా బీటెక్ క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "నాకూ ఒకటి చేసిపెట్టరా." అక్కడ అవసరం వేరు. చెరువులో పచ్చటి ప్లాంక్టన్ పగలు ఎండ తిని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదీ, రొయ్యలూ కలిసి ఆ ఆక్సిజన్‌నే పీలుస్తాయి. రెండు మూడు రోజులు వరసగా మబ్బు పట్టిందంటే పగటి నిల్వ తగ్గి, తెల్లవారుజామున నీళ్లలో ఊపిరాడదు. ఏరేటర్లు ఎప్పుడు మొదలెట్టాలన్నది అక్కడ డీజిలు ఖర్చుకీ పంటకీ మధ్య బేరం. ఆకాశం చూసి అంచనా కట్టడం అలవాటే కానీ, 'నిన్న పడ్డ ఎండ మొన్నటిలో సగం' అన్న అంకె ఉంటే ఆ రాత్రి గంట ముందే మోటారు వేయొచ్చు.

గట్టు మీద పెట్టిన డబ్బా బాగానే పనిచేసింది. మనవాడికి అక్కడితో ఆగాలనిపించలేదు. సీసాలో పెట్టి నీళ్లలోకి దింపాడు. ప్లాంక్టన్ ఎంత చిక్కగా ఉందో చూడ్డానికి రైతులు నలుపు తెలుపు పళ్లేన్ని తాడుతో దింపి, ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూస్తారు. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త సెచ్చీ మొదలుపెట్టిన పద్ధతి. దాని పేరే సెచ్చీ డిస్క్. ఆ పనినే మా సెన్సర్‌తో చేయాలని మనవాడి ఆశ.

అంకెలు వచ్చాయి, అర్థం మాత్రం మారిపోయింది. నీళ్లు ముందుగా మింగేసేది ఇన్‌ఫ్రారెడ్‌నే. మా డయోడ్‌కు ఎక్కువ ఇష్టమైన వెలుగు అదే, దాని చూపు 900 నానోమీటర్ల దగ్గర అన్నిటికన్నా చురుగ్గా ఉంటుంది. దాంతో కాస్త లోపలికి దించగానే అంకె ఢమాలున పడింది. ప్లాంక్టన్‌కు కావాల్సిన 400 నుంచి 700 నానోమీటర్ల వెలుగు అంతగా తగ్గకపోయినా! బందరులో కట్టిన వాటుకు 3 మిల్లీవోల్టుల లెక్క నీళ్ల పైనే చెల్లుతుంది, లోపల చెల్లదు. ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకునే ఫిల్టరు అద్దం పెట్టాలి, మళ్లీ మొదటి నుంచి తూకం వేయాలి.

ఫిల్టరు ఆర్డరు పెట్టాం. ఈలోగా గట్టు మీది డబ్బాకు వేరే గొడవలు వచ్చాయి. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండ 90 వాట్లని చూపిస్తే మనవాడు కంగారుపడి బండేసుకుని చెరువు దగ్గరికి పరిగెత్తాడు. టెఫ్లాన్ మీద కొంగ రెట్ట. తుడిచి, డబ్బా పైన కొంగ వాలకుండా నాలుగు సైకిల్ చువ్వలు నిలబెట్టి, ఫొటో పంపాడు. ఆ చువ్వల నీడ సెన్సర్ మీద పడకుండా ఉత్తరం వైపే పాతమని మెసేజ్ పెట్టా.